బదులు మనిషి

ఆ మందుగుండు గోదాం పక్క దారిలో చీకటి పడ్డాక ఎవరూ నడవరు.

పగలు చూస్తే భయపడటానికి అక్కడ ఏమీ కనిపించదు. ఇనుప తలుపు, దానికి తుప్పు పట్టిన తాళం, సున్నం రాలిన గోడలు. గోడల మీద మనిషి తలకంటే ఎత్తులో ఎప్పటిదో వరద నీళ్ల చార. తలుపు పక్కనే ఒక కాపలా గూడు. ఇటుకలతో కట్టింది, ఒక్క మనిషి నిలబడితే నిండిపోతుంది. మధ్యాహ్నం పూట కుక్కలు అందులో దూరి హాయిగా నిద్రపోతాయి.

పొద్దుగూకాక ఆ కుక్కలే అటు పోవు.

గూడు ముందు నుంచి నడిస్తే లోపల్నుంచి "ఆగు!" అని వినిపిస్తుందట. అరుపు కాదు... డ్యూటీలో ఉన్నవాడు ఎంత గట్టిగా అనాలో అంతే. ఆ తర్వాత — "ఎవరొస్తున్నారు?" మీరు జవాబు చెప్పినా, నోరు పెగలక నిలబడిపోయినా, కాసేపాగి ఇంకో ప్రశ్న. అది మాత్రం మెల్లగా, కొంచెం మొహమాటంగా అడుగుతుందట ఆ గొంతు.

"నా బదులు మనిషి వచ్చాడా?"

పాలు పోసే అతను విన్నాడు, క్యాన్లు అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడ్డాడు. కరెంటు పనివాడు విన్నాడు. అప్పట్నుంచి ఆ దారిలో దీపం మాడిపోతే మార్చే దిక్కు లేదు. వీళ్ల మాటలు నేను నమ్మానని చెప్పను, నమ్మలేదనీ చెప్పను. నాది టెంట్లూ కుర్చీలూ అద్దెకిచ్చే వ్యాపారం. పెళ్లికీ చావుకీ నేను వేసేది అవే కుర్చీలు. ఎవరొచ్చి కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మా డ్రైవర్ బాబాయి చెప్పింది. ఆయన చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

ఆ స్థలమంతా ఒకప్పుడు ఒక రెజిమెంటుది. రెజిమెంటు ఎప్పుడో వేరే చోటికి పోయింది. అందులో పనిచేసి రిటైరైనవాళ్లు మాత్రం ఏడాదికోసారి ఇక్కడే కలుసుకుంటారు. టెంట్లు నావే. బాబాయి వాళ్లలో ఒకడు కాబట్టి బేరం నాకొచ్చింది.

ఆ సందడి చూసి తీరాలి. రాగానే ఒకరినొకరు కావలించుకుని వీపులు వాయగొట్టుకుంటారు. తర్వాత పొట్టలు పట్టని కోట్లు వేసుకుని మెడల్సు తగిలించుకుంటారు. భోజనాలు కాగానే యుద్ధం మొదలవుతుంది. ఏటేటా చచ్చే శత్రువులు పెరుగుతుంటారు, విరిగే నా కుర్చీలూ పెరుగుతుంటాయి.

ఇంత శూరులు రాత్రి పడుకోబోయేటప్పుడు ఏం చేస్తారో తెలుసా? హాలు నుంచి పడక గదులకు గోదాం పక్క నుంచి పోతే రెండంగల దారి. వీళ్లు పరేడ్ గ్రౌండు చుట్టూ తిరిగి పోతారు. మోకాళ్లు అరిగినవాళ్లు, కర్ర పట్టుకున్నవాళ్లు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని మరీ తిరిగి పోతారు. ఎందుకండీ అని అడిగితే "అన్నం అరగొద్దా?" అంటారు.

వాళ్లు చేసే ఒక్క పని మీద మాత్రం నాకు గౌరవం ఉండేది. అది చివరి రోజు సాయంత్రం హాజరు. పొద్దు దిగే వేళకు అందరూ వరసగా నిలబడతారు. సంఘం ప్రెసిడెంటు ముందు నిలబడి చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. చచ్చినవాడు వచ్చి పలకలేడు కదా, అందుకని వాడి తరఫున వరసంతా ఒక్క గొంతుతో "హాజర్!" అంటుంది. పేరు పూర్తి కాకముందే మడమలు టక్కున కలుస్తాయి, నోళ్లు తెరుచుకుంటాయి. అది ఆలోచించి పలికేది కాదు. కుర్రతనంలో ఒంట్లోకి ఎక్కించిన అలవాటు.

ఆ హాజరులో ఒక పేరు ఎప్పుడూ పిలవరు. ఆ పేరు గల మనిషి భార్య ఏటా వచ్చి గేటు బయట కూర్చుంటుంది.

ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. బాబాయికి వదిన వరస — రక్త సంబంధం ఏమీ కాదు, ఆమె భర్తను బాబాయి అన్నా అని పిలిచేవాడు, అంతే. గేటు బయట రాయి మీద ఒక తువ్వాలు పరుచుకుని కూర్చుంటుంది. ఎవరినీ ఏమీ అడగదు. సాయంత్రం హాజరు వేళకు మాత్రం లేచి కమ్మీలు పట్టుకుని నిలబడి, చివరి పేరు దాకా చెవులు రిక్కించి వింటుంది. తన భర్త పేరు ఒక్కసారి ఆ వరస ముందు పిలవాలి, నలుగురూ పలకాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

ఎందుకు పిలవరంటే, అతను పారిపోయాడట.

అది వరద వచ్చిన రాత్రి. ఎగువన కట్ట తెగింది, ఉన్నపళంగా ఖాళీ చెయ్యమని ఆర్డరు. అప్పుడు గోదాం దగ్గర గూట్లో కాపలా ఉన్నది పెద్దమ్మ భర్త. కాపలాకు ఒక నియమం ఉందని బాబాయి చెప్పాడు. మనిషిని కాపలాకు ఎక్కించినవాడే వచ్చి దింపాలి. వచ్చేటప్పుడు బదులు మనిషిని వెంట తేవాలి. ఆ ఇద్దరూ రాకుండా, సాక్షాత్తూ దేవుడొచ్చి దిగమన్నా దిగకూడదు. ఆ రాత్రి అతన్ని గూట్లో ఎక్కించిన గార్డు కమాండరే ఇప్పటి ప్రెసిడెంటు.

చివరి ట్రక్కు నడిపింది మా బాబాయి. "అందరూ ఎక్కారా?" అని అరిచాడు. గార్డు కమాండరు ట్రక్కు డొక్క మీద అరచేత్తో కొట్టి, "ఎక్కారు, పోనీ" అన్నాడు. బాబాయి పోనిచ్చాడు.

గట్టు మీదికెక్కి దిగాక చూసుకుంటే ఒక మనిషి లేడు.

"వెనక్కి తిప్పుతాను సార్" అన్నాడు బాబాయి. కమాండరు మొహం తెల్లగా పాలిపోయింది. మర్చిపోయాడు, అంతే. కావాలని చేసింది కాదు. హడావుడిలో అన్ని గూళ్ల నుంచీ మనుషుల్ని దింపాడు, దూరంగా ఉన్న ఆ ఒక్క గూడూ మర్చిపోయాడు. "ఇప్పుడెక్కడికి పోతావ్? నీళ్లొచ్చేశాయి" అన్నాడు. కాసేపటికి, "వాడు తెలివైనవాడు, ఎప్పుడో పారిపోయుంటాడు" అన్నాడు. ఉండగా ఉండగా అదే నిజమైపోయింది. శవం దొరకలేదు, తుపాకీ దొరకలేదు. విచారణలో బాబాయిని అడిగారు. బాబాయి నీళ్లు నమిలాడు. "నేను స్టీరింగు చూసుకుంటున్నాను సార్" అన్నాడు.

ఆ ఒక్క మాట ఆయన్ని బతుకంతా తింటూనే ఉంది. ఇంట్లో పండగపూట అందరం కూర్చుని నవ్వుకుంటున్నా, ఉన్నట్టుండి లేచి బయటికి పోయేవాడు.

ఒక ఏడాది డాక్టరు ఆయన గుండె మీద గొట్టం పెట్టి విని, మొహం అదోలా పెట్టాడట. కలయిక చివరి రోజుకు ముందు రాత్రి, అందరూ భోజనాల దగ్గరుండగా బాబాయి పెద్దమ్మను చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చాడు. నేను మూలన కుర్చీలు పేరుస్తూ అంతా చూశాను.

హాలు సద్దుమణిగింది. ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు. మనిషి మంచి ఆజానుబాహువు, మాట తీపి.

"అమ్మా, మీ బాధ నాకు తెలియనిది కాదు. కానీ డ్యూటీ వదిలి పోయినవాడి పేరు పిలిస్తే, డ్యూటీలో చచ్చినవాళ్లకు అవమానం కదా?"

బాబాయి ఏదో అనబోయాడు. పెద్దమ్మ ఆయన చెయ్యి నొక్కి ఆపింది.

"మంచిది బాబూ. పారిపోయాడు. ఒప్పుకున్నాను. మరి రాత్రిళ్లు మీరంతా గ్రౌండు చుట్టూ తిరిగి ఎందుకు పోతున్నారు?"

ఎవరో మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు.

"ఆ గూట్లో ఎవరున్నారని భయం మీకు? పారిపోయినవాడైతే గూట్లో ఉండడు. గూట్లో ఉన్నాడంటే పారిపోలేదు. రెంటిలో ఏదో ఒకటి చెప్పండి. విని వెళ్లిపోతాను."

ఒక్కడు తలెత్తితే ఒట్టు. ఇందాకటి దాకా చేతులూపుతూ కొండలు ఎక్కి శత్రువుల్ని తరిమినవాళ్లంతా కుక్కిన పేనులా కంచాల్లోకి చూస్తున్నారు. నాకైతే అక్కడే ఆ కుర్చీలన్నీ వాళ్ల కింది నుంచి లాగేయాలనిపించింది.

ప్రెసిడెంటు మొహం కందగడ్డయింది. "దెయ్యాలూ లేవు, ఏమీ లేవు! ఈ రాత్రే ఆ దారిన నడిచిపోతాను. ఏమీ వినబడకపోతే ఇక మీరు ఈ గేటు దగ్గర కనబడకూడదు. వినబడితే... రేపు నేనే పేరు పిలుస్తాను." అని బాబాయి వైపు వేలు చూపించాడు. "నువ్వూ రా. ఈమె తరఫు మనిషివి కదా, సాక్ష్యం ఉంటావు."

పెద్దమ్మ సరేనని గేటు దగ్గరికి పోయి కూర్చుంది.

ప్రెసిడెంటు టార్చి పట్టుకుని ముందు, బాబాయి నాలుగడుగులు వెనక. హాలు దీపాలు వెనకబడ్డాయి. గడ్డి పెరిగిపోయిన దారి... చెప్పుల కింద రాళ్లు కదిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రెసిడెంటు ఈల వేస్తున్నాడట. గోదాం గోడ కనిపించగానే ఈల సన్నబడింది. గూడు కనిపించగానే ఆగిపోయింది.

టార్చి వెలుగు గూట్లో పడింది. ఖాళీ. ఇటుకలు, ఎండుటాకులు.

ప్రెసిడెంటు గట్టిగా ఊపిరి వదిలాడు. "చూశావా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "ఏముంది ఇక్కడ? ఏమీ—"

"ఆగు!"

వెలుగు ఇంకా గూట్లోనే ఉంది, గూడు ఇంకా ఖాళీగానే ఉంది. గొంతు మాత్రం అందులోంచే వచ్చింది.

"ఎవరొస్తున్నారు?"

ఎన్నేళ్లయినా ఆ గొంతు మర్చిపోయేది కాదు. ఒకే పళ్లెంలో తిన్న మనిషి గొంతు. ముందున్న ప్రెసిడెంటును చూస్తే — మనిషి నిటారుగా బిగుసుకుని నిలబడ్డాడు, చేతులు తొడలకు అంటుకుపోయి ఉన్నాయి. నోటివెంట మాట తనంతట తానే వచ్చింది.

"గార్డు కమాండర్."

తర్వాత ఆ గొంతులో ఒక సంతోషం... అదే నన్ను చంపేసిందిరా అన్నాడు బాబాయి. కోపం ఉంటే తట్టుకునేవాణ్ని. తిట్టి ఉంటే బాగుండేది. ఆ గొంతు ఆలస్యంగా వచ్చిన బస్సును చూసినవాడిలా సంతోషపడింది.

"దింపడానికి వచ్చారా సార్?"

"...వచ్చాను."

"నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినప్పుడు అనుకున్నాను సార్, దారిలో ఉండుంటారని. ఛాతీ దాకా వచ్చినప్పుడు కూడా అనుకున్నాను. దిగలేదు సార్. తలుపు తాళం చూసుకుంటూనే ఉన్నాను."

బాబాయి ఏడుస్తున్నాడు.

"బదులు మనిషేడి సార్?"

బదులు మనిషిని వెంట తేవాలి కదా, తేలేదు. గూడు ఖాళీగా వదలకూడదు. మరి ఎవరుండాలి? అక్కడున్నది ఇద్దరే. మర్చిపోయినవాడు ఒకడు, మాట దాచినవాడు ఒకడు.

టార్చి మెల్లగా వెనక్కి తిరిగింది. వెలుగు వచ్చి బాబాయి కళ్లలో పడింది. ఆ వెలుగు వెనక ప్రెసిడెంటు మొహం కనిపించలేదు, మాట మాత్రం వినిపించింది.

"ఇదుగో... వీడు."

బాబాయికి అర్థమయ్యేలోపే ప్రెసిడెంటు ఆయన పక్క నుంచి దాటిపోయాడు. పరిగెత్తలేదు. టకటకా మార్చి చేసుకుంటూ పోయాడట, ఒక్కసారీ వెనక్కి చూడకుండా. టార్చి కూడా ఆయనతోనే పోయింది.

చీకట్లో గూట్లోంచి బూట్లు కిందికి దిగిన చప్పుడు. నీళ్లు కారుతున్న బట్టల వాసన, బురద వాసన. బాబాయి చేతిలో ఏదో పెట్టారు. బరువుగా ఉంది, తోలు పట్టా తడిసి ఉంది.

"అన్నా... నేను డ్రైవర్ని" అన్నాడు బాబాయి. అంతకంటే ఏం అనాలో తోచలేదు.

"ఏం ఫర్లేదు తమ్ముడూ. అప్పుడప్పుడూ నాలుగడుగులు అటూ ఇటూ వెయ్యి. లేకపోతే కాళ్లు పట్టేస్తాయి."

బూట్ల చప్పుడు గేటు వైపు పోయింది.

ఇక్కడ నేను విన్నది కూడా చెప్పాలి. ఆ రాత్రి నేను గేటు పక్క టెంటులో కుర్చీల మీద పడుకున్నాను. సగం నిద్రలో పెద్దమ్మ గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, కొంచెం విసుగ్గా, కొంచెం... ఎలా చెప్పను, పెళ్లయిన కొత్తలో ఆడవాళ్లు మాట్లాడినట్టు — "ఇంతసేపా?" అంది. అంతే. కలవరిస్తోంది పాపం అనుకుని అటు తిరిగి పడుకున్నాను.

తెల్లారి ప్రెసిడెంటు చక్కగా గడ్డం గీసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. "వెళ్లొచ్చాం అమ్మా. ఏమీ వినబడలేదు" అన్నాడు. ఇచ్చిన మాట ప్రకారం ఇక రావద్దని కూడా, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"మా మరిదేడి? అతన్నీ చెప్పనివ్వండి" అంది పెద్దమ్మ.

అప్పుడు వెతికారు.

మా బాబాయి ఆ గూట్లో నిలబడి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. రెండు చేతులూ ఏదో పట్టుకున్నట్టు ఛాతీ ముందు బిగుసుకుపోయి ఉన్నాయి, వాటిలో ఏమీ లేదు. ఒళ్లంతా చల్లబడి చాలాసేపయిందని డాక్టరు చెప్పాడు. గుండె ఆగిపోయిందన్నాడు.

"ఇద్దరం కలిసే తిరిగొచ్చాం. నేను పడుకున్నాక తాగి మళ్లీ అటు పోయుంటాడు" అన్నాడు ప్రెసిడెంటు. మా బాబాయి జన్మలో చుక్క ముట్టలేదు. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కడికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. నేను అరిచాను, తిట్టాను, మీద పడబోతే పట్టుకున్నారు. తర్వాత నా టెంట్లు నేను విప్పుకున్నాను. ఆయన్ని అందులోని ఒక గుడ్డలోనే చుట్టి ఇంటికి తెచ్చాం.

మరి ఇదంతా బాబాయి నాకెప్పుడు చెప్పాడంటారా?

మరుసటి ఏడు చెప్పాడు.

ఆ బేరం ఒప్పుకోకూడదనుకున్నాను. మా పిన్ని తిట్టింది కూడా. కానీ ఆ ప్రెసిడెంటు మొహంలోకి చూస్తూ ఒక్కరోజైనా అక్కడ నిలబడాలనిపించి ఒప్పుకున్నాను. టెంట్లకు వైరు లాగాలి. చీకటి పడింది, పనివాళ్లు ఆ దారిన రామన్నారు. నేనే వైరు చుట్ట భుజాన వేసుకుని పోయాను.

"ఆగు!"

వైరు చుట్ట కింద పడింది. "ఎవరొస్తున్నారు?" అనడానికి ముందు ఒక దగ్గు వచ్చింది. ఆ దగ్గు నేను చిన్నప్పట్నుంచీ పక్క గదిలోంచి వింటున్నదే.

"నేనే బాబాయ్" అన్నాను.

"నువ్వా. మరీ దగ్గరికి రాకు, రూలు ఒప్పుకోదు."

అక్కడే గడ్డిలో కూలబడి ఇదంతా విన్నాను. భయం వేసిందా అంటే వేసింది. కానీ లేచి పోవడానికి మనసు రాలేదు, ఎంతైనా నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి.

"నాలుగడుగులేస్తే రోడ్డు కదా బాబాయ్! ఎందుకు పోలేదు ఆ రాత్రే?"

"ఎవరూ కట్టేయలేదురా. నేనూ అదే అనుకున్నాను, ఇప్పుడు పోదాం, ఇంకాసేపాగి పోదాం అని. ఎక్కించినవాడు వచ్చి దింపలేదు కదా... కాలు కదల్లేదు. అన్న ఎందుకు పోలేదో అప్పుడు తెలిసింది." తర్వాత అడిగాడు. "వదిన వచ్చిందా?"

"వచ్చింది. గేటు దగ్గరికి రావద్దన్నారని రోడ్డుకు అవతల కూర్చుంది. 'మనిషి వచ్చాడు, పేరు రాలేదు' అంటోంది. ఆ మాట నాకిప్పుడు అర్థమైంది."

"రేపు హాజరులో పిలుస్తారా?"

"నీ పేరు పిలుస్తారట. ఆయనది లేదు."

నాలుగడుగులు అటూ ఇటూ వేసిన చప్పుడు వినిపించింది. బాబాయి మామూలుగానే తక్కువ మాటల మనిషి.

"రేపు సాయంత్రం గేటు బార్లా తెరిచి ఉంచు" అన్నాడు చివరికి.

తెరిచి ఉంచాను. పొద్దు దిగింది, వరస నిలబడింది. ప్రెసిడెంటు పేర్లు పిలుస్తున్నాడు, వరస హాజర్ అంటోంది. బాబాయి పేరు దగ్గరికొచ్చేసరికి జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు మహానుభావుడు. "ప్రాణమిచ్చే మిత్రుడు" అన్నాడు. వరస హాజర్ అంది. అదే చివరి పేరు. ప్రెసిడెంటు ఇక చాలన్నట్టు తలూపి, అందరిలాగే వరసలోకి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు గోదాం వైపు నుంచి ఒక గొంతు లేచింది.

ట్రక్కు ఇంజను మోతలో వెనకున్నవాళ్లకు వినబడేలా అరిచే గొంతు. ఆ గొంతు తెలియనివాడు ఆ వరసలో లేడు. ఇంటిపేరుతో సహా, నంబరుతో సహా, అన్నేళ్లుగా ఆ నేల మీద ఎవరూ పలకని పేరు స్పష్టంగా పిలిచింది.

మడమలు టక్కుమన్నాయి.

"హాజర్!"

ఒక్కడు మిగలకుండా అందరూ పలికారు. పలికేశాక తెలిసింది ఏం చేశారో. మొహాల్లో నెత్తురు చుక్క లేదు, ఒకరివైపు ఒకరు చూసుకోవడానికి కూడా ధైర్యం లేదు. అందరికంటే గట్టిగా వినిపించింది ప్రెసిడెంటు గొంతే. ఆయన చెయ్యి నుదుటి దగ్గర సెల్యూట్‌లో ఉండిపోయింది, దించడం ఆయన వల్ల కాలేదు.

రోడ్డుకు అవతల పెద్దమ్మ లేచింది. తువ్వాలు దులిపి మడత పెట్టుకుంది. ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వాళ్లూ మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆ కలయిక వేరే ఊళ్లో, ఏదో హోటల్ హాల్లో జరుగుతోందట. ప్రెసిడెంటు ఇంకా ఆయనే. స్థలం దూరం, పెద్దవాళ్లకు ఇబ్బంది అని కారణం చెప్పారట. వాళ్ల కాళ్ల నొప్పులు ఇన్నాళ్లకు గుర్తొచ్చాయి.

నేను మాత్రం అప్పుడప్పుడూ చీకటి పడ్డాక ఆ దారిన పోతాను. "ఆగు" అంటాడు. "నేనే బాబాయ్" అంటాను. ఇంట్లో సంగతులు అడుగుతాడు, చెబుతాను. లేచి వచ్చేసేటప్పుడు ఎప్పుడూ అదే మాట, మెల్లగా, కొంచెం మొహమాటంగా అడుగుతాడు.

"నన్ను ఎక్కించినవాడు వస్తాడంటావా?"

"వచ్చే ఏడు వస్తాడట బాబాయ్" అంటాను. ఇంకేం చెప్పను?

"సరే, పో. మంచు పడుతోంది, తలకేదైనా చుట్టుకో" అంటాడు.